అద్దపు మూత ఆరేదాకా

మత్తయి సారు గదిలో విమానాలు దారాలకు వేలాడుతుంటాయి. కిటికీ రెక్క ఒకటి తెరిస్తే చాలు, గాలికి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు మెల్లగా తిరుగుతుంది. అప్పట్లో మొత్తం పదకొండు. ఏదీ జానెడు మించదు. గోడ మీద వాటి నీడలు మాత్రం గద్దలంత పెద్దవై, ఒకదాని మీది నుంచి ఒకటి జారుకుంటూ పోతుంటాయి. సారు భార్య గ్రేసమ్మ ఇచ్చిన ఛాయ్ గ్లాసు పట్టుకుని మొదటిసారి ఆ గదిలోకి పోయినప్పుడు నేను గడపలోనే నిలబడిపోయాను. చప్పుడు చెయ్యని విమానం కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తోచలేదు.

నాకు తెలిసిన విమానానికి చప్పుడు తప్ప వేరే ఒళ్లు లేదు. బీదర్ దిక్కు నుంచి శిక్షణ విమానాలు మా నారాయణఖేడ్ మీదుగా పోతుంటాయి. ఊళ్లో వాళ్లకు అలవాటే. కంది చేలల్లో వంగి పని చేసేవాళ్లు తల కూడా ఎత్తరు. నా బిడ్డ సంతు పుట్టేదాకా నేనూ ఎత్తేదాన్ని కాదు. సంతుకు పది నెలలప్పుడు జ్వరం వచ్చి, నా ఒళ్లోనే కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. సరిగ్గా అదే నిమిషంలో ఇంటి మీది నుంచి ఒకటి పోయింది. జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకు అట్లా వస్తుందని, పెద్దయ్యే కొద్దీ పోతుందని దవాఖానలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. నేను తల ఊపాను. నా లోపల మాత్రం ఆ జ్వరమూ ఆ చప్పుడూ కలిసి ఒక ముడి పడిపోయాయి. దూరంగా ఉరుములాంటిది వినబడితే చాలు, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి ఉరికి, సంతును ఎత్తుకుని, దాని తల నా మెడకు అదిమి, రెండు చెవులూ మూసేదాన్ని. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. నేను ఉరికి వచ్చేలోపే బల్ల కిందికి దూరడం నేర్చుకుంది.

అంగన్‌వాడీకి మూడుసార్లు పంపాను. మూడుసార్లూ విమానం పోయింది, సంతు బల్ల కిందికి పోయింది, టీచరు నాకు ఫోన్ చేసింది. మూడోసారి నవంబరులో. మంచి మనిషి, కసరలేదు. కొత్త సంవత్సరం వచ్చాక ఇంకొక్కసారి చూద్దామని, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఒక ఏడాది ఇంట్లోనే ఉంచుకొమ్మని చెప్పింది. కంగ్టి నుంచి వచ్చిన మా అత్త లింగమ్మకు ఆ మాట బాగా నచ్చింది. ఏడాదికి ఏమైతది, ఇంట్ల ఉంటే ఎవలన్న ఎత్కపోతరా, అని పప్పు చెరుగుతూ తేల్చేసింది. నా భర్త బస్వరాజ్ కల్హేర్‌కు ఆటో నడుపుతాడు. పొద్దున పోతే పొద్దుగూకి వస్తాడు. నీ ఇష్టం అన్నాడు.

ఏడాదికి ఏమవుతుందో నాకు తెలుసు. మా అమ్మగారి ఊరు నాగల్‌గిద్ద. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా బడి పిల్లలు ఎక్కిన ఆటో ఒకటి రోడ్డు పక్క గుంతలోకి ఒరిగింది. ఒకమ్మాయి మోచెయ్యి గీరుకుంది, అంతే. ఆ ఆటోలో నేను లేను కూడా. అయినా మా అమ్మ నన్ను ఆ రోజు నుంచి గడప దాటనివ్వలేదు. ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు పోదువులే అంది. ఆ వచ్చే ఏడు రాలేదు. నా సైన్సు పుస్తకం ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. సగం దాకా పేజీలు నలిగి ఉంటాయి. మిగతా సగం నిన్న కొన్నట్టు ఉంటుంది.

మత్తయి సారు మా ఇంటి ఓనరు. ముందు భాగంలో వాళ్లుంటారు, వెనక రెండు గదులు మావి. ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు మిగ్ విమానాల కింద పడుకుని పని చేసిన మనిషి. రెక్కలు, తోక, చక్రాలు చూడటం ఆయన పని. వాళ్లావిడ గ్రేసమ్మ నర్సుగా చేసి రిటైరైంది. ఊరంతా ఆమెను ఇంకా సిస్టరమ్మ అనే పిలుస్తుంది. పోయిన సెప్టెంబరులో మిగ్-21లను ఇక ఎగరనివ్వరని, చివరిసారిగా ఎగిరాయని టీవీలో చూపించిన రోజు సారు అన్నం ముట్టలేదట. మర్నాడు బీరువా మీది నుంచి ఒక డబ్బా దింపాడు. ఆయన చూసుకున్న విమానం అందులో ముక్కలు ముక్కలుగా ఉంది. మిగతావన్నీ చేసి, దీన్ని మాత్రం ఆఖరుకు దాచుకున్నాడు. డబ్బా తెరిచేసరికి చేతులు ఒప్పుకోలేదు. ఏడాది కింద మొదలైన వణుకు అప్పటికి మోచేతుల దాకా వచ్చింది.

నేను జాకెట్లకు కాజాలు కుడుతుంటే గ్రేసమ్మ చాలాసేపు నిలబడి చూసింది.

"నీ చెయ్యి మస్తు నిమ్మళంగ ఉంటదే రజితా," అంది. "మనిషివే నిమ్మళంగ ఉండవు. గా చేతులు మా ముసలాయనకు జర అరువియ్యి."

నేను ఒప్పుకున్నది సారు కోసం కాదు. ఆ చప్పుడు లోపల ఏముంటుందో నా చేతులతో విప్పి, అతికి, సంతు ముందు పెడితే దాని భయం పోతుందేమో అనుకున్నాను. జనవరి దాకా సమయం ఉంది. ఒక విమానానికి అది సరిపోతుందని సారు చెప్పాడు.

ఆ విధంగా నా మధ్యాహ్నాలు ఆ గదిలోకి జరిగిపోయాయి. ముక్కలన్నీ బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా కాసి ఉండేవి. ఒక్కొక్కటీ సన్నటి కట్టరుతో తుంచి, తుంచిన చోట గరుకు కాగితంతో రుద్ది, గోరుతో తడిమి చూడాలి. కన్ను మోసపోతుంది, గోరు మోసపోదని సారు అనేవాడు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను చేసేదాన్ని. జిగురు, రంగుల వాసన పిల్లకు పడదని సంతును వరండాలో కూర్చోబెట్టేదాన్ని. ముక్కలు తీసేసిన ఖాళీ చట్రాలు దాని బొమ్మలు. అది వాటిని నిచ్చెనలు అనేది. గోడకు వరసగా ఆనించి, చీమలు ఎక్కుతాయని ఎదురుచూసేది.

ముందు సీటు చేశాను. అది నా చిటికెన వేలి గోరు కంటే కొంచెం పొడుగు. దాని చుట్టూ గోడలకు ఆకుపచ్చా నీలమా అని తేల్చి చెప్పలేని ఒక రంగు వేయాలి. ఆ రంగులో కూర్చుంటే పైలటుకు మనసు నిమ్మళంగా ఉంటుందని చెప్పుకునేవారట. నాలుగు వెంట్రుకల కుంచెతో ఆ రంగు వేస్తూ వేస్తూ ఒక్కోసారి నేనే ఆ సీటులోకి పోయేదాన్ని. అక్కడ చప్పుడు ఉండేది కాదు. కింద మంజీర, ఆరేసిన చీర కొంగులా మెరిసేది. జొన్న చేలు, వాటి మధ్య పసుపుగా పూసిన కంది, ఆ తర్వాత నాగల్‌గిద్ద రోడ్డు. రోడ్డు మీద ఆటో ఒకటి పురుగులా పాకుతుండేది. అది ఒరిగేది కాదు. బడి దాకా పోయి ఆగేది. అందులోంచి దిగే పిల్లల్లో నేను నన్ను వెతుక్కునేదాన్ని. దొరికేలోపు సారు దగ్గేవాడు, కుంచె ఎండిపోయి ఉండేది.

సీటును లోపల పెట్టి, విమానం ఒంటి రెండు సగం డొల్లలూ కలిపి మూశాక రెక్కలు అతికించే రోజు వచ్చింది. జిగురు సీసాలో నీళ్లలా పలచగా ఉంటుంది. కుంచె కొన ముట్టిస్తే అతుకు వెంట అదే పారుతుంది. ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. నేను రెక్కలను ఎగిరే పక్షికి ఉన్నట్టు కాస్త పైకి లేపి పట్టుకున్నాను. సారు తల అడ్డంగా ఊపాడు. మిగ్ రెక్కలు కాస్త కిందికి వాలి ఉంటాయట. చాలామంది అది తప్పనుకుని దిద్దుతారట. నేను కిందికి వంచి పట్టుకున్నాను. అప్పుడు అది నిజంగా ఎక్కడికో పోవడానికి ఒంగినట్టు కనబడింది.

ఆ రోజుల్లో కూడా పైనుంచి విమానాలు పోతూనే ఉండేవి. చప్పుడు మొదలవగానే చేతిలో ఏముంటే అది పడేసి వరండాలోకి ఉరికేదాన్ని. ఒకసారి శనగ గింజంత చక్రం ఎగిరి ఎక్కడో పడింది. ఇంకోసారి తోక ముక్క నా చీర కుచ్చిళ్లలో చిక్కుకుని వెనక గదుల దాకా వచ్చేసింది. నేను సంతును చంకన వేసుకుని తిరిగొచ్చేసరికి సారు టార్చి పట్టుకుని నేల మీద వెతుకుతుండేవాడు. టార్చి వెలుగు ఆయన చేతిలో వణికి, గది మూలల్లో మిణుగురులా తిరిగేది.

డిసెంబరు సగంలో విమానం ఆకారానికి వచ్చింది. రంగు వేసే ముందు దాన్ని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వెండి రంగు దేన్నీ దాచదు, వేలిముద్ర కూడా ఉండొద్దు అని సారు రెండుసార్లు చెప్పాడు. కడిగాను. తువ్వాలు మీద పెట్టాను. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి దాని వీపు మీద పడింది. ఒక్క గీత తప్పులేదు. అప్పుడే నీళ్లు పోసుకుని పడుకున్న పసిపిల్లలా ఉంది. ఏదైనా అంత బాగుంటే నాకు భయం వేస్తుంది. సారు లోపలికి పోయాడు. నేను వరండాలోకి వచ్చి, సంతు అరికాలి మీది దిష్టి చుక్కను వేలితో అద్దుకుని పోయి, విమానం కడుపు కింద ఎవరికీ కనబడని చోట పెట్టాను. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు.

మర్నాడు రంగు కొట్టాను. గాలితో చిమ్మే చిన్న గొట్టం అది, సిరంజికి అన్న వరస. వెండి రంగు పొగమంచులా పోయి పడి, ఆరుతూ ఆరుతూ లోహం అయిపోతుంటే చూపు తిప్పుకోలేకపోయాను. పూర్తయ్యాక తిరగేస్తే కడుపు కింద ఒక మచ్చ. ఆ చోటును చూసి జడుసుకున్నట్టు రంగు చుట్టూ వెనక్కి జరిగిపోయింది. ఆముదంతో నేను ఇంట్లో పట్టిన కాటుక అది.

సారు కళ్లద్దాలు సర్దుకుని వంగాడు.

"ఈడ నూనె ఎట్ల తాకింది బిడ్డా?"

సంతును ఎత్తి దాని అరికాలు చూపించాను. సగం చెరిగిన చుక్క. గ్రేసమ్మకు అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇమానానికి దిష్టి చుక్కనా? నెత్తి మీదికెల్లి పోతుంటే పరేషాన్ అయ్యేది నువ్వు. దానికెవలు దిష్టి పెడ్తరే తల్లీ?"

సారు నవ్వలేదు. ఆ మచ్చనే చూస్తూ, తాను బిగించిన విమానం పైకి పోయిన ప్రతిసారీ, తిరిగొచ్చి దాని చక్రాలు నేలను తాకేదాకా ఛాయ్ ముట్టేవాణ్ని కానని చెప్పాడు. ఇరవై ఏళ్లు అంతేనట. తోటివాళ్లు ఎగతాళి చేసేవారట. ఆ మాట గ్రేసమ్మకు కూడా కొత్తలాగుంది, ఆయన వంక తిరిగి చూసింది.

"చుక్క పెట్టొద్దంటలేను," అన్నాడు. "రంగు కంటె ముందుగాల పెట్టొద్దు. అంత అయినంక పెట్టుకో."

కడుపు కింది రంగంతా స్పిరిటుతో తుడిచి, తడి కాగితంతో రుద్ది, మళ్లీ కడిగి, మళ్లీ వేశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆ తర్వాత నీళ్లలో నానబెట్టిన గుర్తులు, కాషాయం తెలుపు ఆకుపచ్చ గుండ్రాలు, తోక మీది నంబరు, ఒక్కొక్కటే కాగితం మీది నుంచి రెక్క మీదికి జార్చాను. పలచటి నల్ల రంగు అతుకుల గీతల్లో పారించి, పైపైన తుడిచాను. కొత్త విమానం కాస్తా ఎన్నో వానలు చూసిన విమానం అయింది. సారు దాన్ని చూసి, ఇది నాదే, అని మెల్లగా అనుకున్నాడు.

దాన్ని గడపలో నిలబడి సంతుకు చూపించాను. అది నిచ్చెనల మధ్య కూర్చుని, ఒకసారి చూసి, బాగుంది అంది. అంతలో దూరంగా చప్పుడు మొదలైంది. నేను విమానం సారు చేతికిచ్చి ఉరికాను. సంతు అప్పటికే వరండాలో బల్ల కింద ఉంది. నెలా పదిహేను రోజుల పని ఆ ఒక్క క్షణంలో నీరుగారిపోయింది. జనవరి వచ్చేసింది. సోమవారం తీసుకురమ్మని టీచరు కబురు పెట్టింది.

శనివారం మధ్యాహ్నం ఒక్క పని మిగిలింది, సీటు మీది అద్దపు మూత. చినుకు అంత పలచగా, తేటగా ఉంది. మామూలు జిగురు పెడితే అద్దం మబ్బు పడుతుందట. అందుకని పాల రంగు జిగురు పూసి, వెనక అంచు లేవకుండా రెండు వేళ్లతో అదిమి పట్టుకోవాలి.

"ఐదు వందలు లెక్కవెట్టు," అన్నాడు సారు. "నడుమల కదిలిందనుకో, జిగురు లోపలికి పారుతది. ఇగ అద్దం పాడైనట్టే. గిది ఒక్కటే ఉన్నది."

గ్రేసమ్మ చర్చికి పోయింది. సంతు వరండాలో ఉంది. నేను ఎడమ చేత్తో విమానాన్ని, కుడిచేతి బొటనవేలు చూపుడువేలితో మూతను పట్టుకుని లెక్క మొదలుపెట్టాను. గదిలో ఎండ పసుపుగా నిండింది. నూరు. దారాలకున్న విమానాలు ఒక దిక్కుకు తిరిగి ఆగాయి. నూటయాభై. అద్దం కింద నేను రంగు వేసిన సీటు, నీటి అడుగున ఉన్నదానిలా కదలకుండా కనబడుతోంది. రెండు వందలు. నేను ఆ సీటులోకి జారిపోతున్నాను, కింద మంజీర మెరుస్తోంది.

రెండు వందల అరవై దగ్గర చప్పుడు మొదలైంది.

నా మోకాళ్లు లేచాయి. చేతులు లేవలేదు. నా వేళ్ల మధ్య ఉన్నది సారు ఇరవై ఏళ్లు ఛాయ్ ముట్టకుండా ఎదురుచూసిన విమానం. రెండు వందల అరవై ఒకటి. రెండు వందల అరవై రెండు. సారు నా వంక చూశాడు. చప్పుడు ఇంటి మీదికి వచ్చింది. కిటికీ అద్దాలు సన్నగా పలికాయి. పదకొండు దారాలూ వణికాయి, గోడ మీది నీడలన్నీ ఒక్కసారిగా బెదిరి కదిలాయి. సంతు గడపలో నిలబడి ఉంది. చేతులు చెవుల మీదికి పోతున్నాయి. అది పైకి చూడటం లేదు. నన్ను చూస్తోంది. నేను వస్తానని చూస్తోంది.

నేను పోలేదు. నా పెదవులు అంకెలు పలుకుతూనే ఉన్నాయి. ఆ నిమిషంలో నా మొఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. లెక్క తప్పకూడదన్న ధ్యాస తప్ప దాని మీద ఇంకేమీ లేకపోయి ఉంటుంది. సంతు కాసేపు ఆ మొఖాన్నే చూసింది. తర్వాత చిన్నగా నడిచి వచ్చి, నా మోకాలు పట్టుకుని, నా వేళ్ల మధ్య ఏముందో తొంగి చూసింది. చప్పుడు ఇంకా నెత్తి మీదే ఉంది.

"అమ్మా, ఏం లెక్కవెడుతున్నవ్?"

జవాబు చెబితే లెక్క పోతుంది. కళ్లతోనే మూతను చూపించాను. దానికి ఏమర్థమైందో గాని, అది కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. దానికి పది దాకానే వచ్చు. పది అయిపోగానే మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకునేది. మూడు వందల పన్నెండు అని నేను, ఏడు అని అది. చప్పుడు కంది చేల మీదుగా ఎటో పోయి సన్నబడింది. మేమిద్దరం ఆపలేదు. సారు గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఐదు వందలు. వేళ్లు తీశాను. మూత నిలబడింది, మబ్బు లేదు.

నేను విమానాన్ని చూడలేదు, సంతు చేతులను చూశాను. ఒకటి నా మోకాలి మీద ఉంది. ఇంకోటి సారు చొక్కా అంచు పట్టుకుని ఉంది. ఇన్నాళ్లూ అది జడుసుకున్నది నన్ను చూసి. నేను ఉరికి వచ్చే తీరు చూసి, ఏదో మహా ఘోరం వస్తున్నదని నమ్మింది. నాగల్‌గిద్దలో గడపకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డ మా అమ్మ మొఖం ఒక్కసారి నా కళ్ల ముందు కదిలింది. ఆమె ప్రేమగానే నిలబడింది. నేనూ ప్రేమగానే ఉరికాను.

"ఇగ పెట్టుకో నీ చుక్క," అన్నాడు సారు, కళ్లు తెరవకుండానే.

సంతు తన చెంప మీది కాటుకను వేలితో అద్దుకుని, విమానం కడుపు కింద పెట్టింది. కొంచెం పెద్దదే పడింది. దాన్ని పన్నెండోదిగా దారానికి కట్టాము. ముక్కు బీదర్ దిక్కుకు తిరిగి, కాసేపు ఆలోచించి, మళ్లీ మా వరండా వైపు తిరిగింది.

సోమవారం సంతును అంగన్‌వాడీలో వదిలి గేటు దాటాను గాని, ఇంటికి పోలేదు. సందులో గోడ వెనక వేపచెట్టు నీడన నిలబడ్డాను. చేతిలో ఫోను. గంట గడిచింది. లోపల పిల్లలు ఏదో పాట అందుకుని, మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదటికి వస్తున్నారు. అప్పుడు దూరంగా ఉరుములాంటిది వినబడింది.

కాళ్లు కదిలాయి. ఫోను కొంగున దోపుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గట్టిగా అదిమి పట్టుకున్నాను. ఒకటి. రెండు. మూడు. చప్పుడు సందు మీదికి వచ్చింది. వేపాకులు రాలాయి. లోపల పాట ఆగింది. ముప్పై. నలభై. గేటు నాలుగడుగుల దూరంలో ఉంది. తెరిచే ఉంది. డెబ్బై. నా వేళ్ల మధ్య ఏమీ లేదు, అయినా అది కదిలితే పాడైపోతుంది. నూటా పది. చప్పుడు పోయింది. లోపల ఎవరిదో ఏడుపు వినబడింది. అది సంతు గొంతు కాదు. ఆ ఏడుపు పక్కనే ఇంకో గొంతు, బడాయిగా, ఎవరికో నేర్పుతున్నట్టు, పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఫోను మోగలేదు. ఐదు వందలు అయ్యేదాకా నేను వేళ్లు వదలలేదు.